పాలరేవు అర్జీ

సమావేశం నాలుగో రోజు

ఎనిమిదిన్నరకు సభ అర్జీల విభాగం తలుపు తీశాను. కిటికీ అవతల పొగమంచును నీళ్ళుగా పట్టే వలల కింద తొట్టి సగం నిండింది. ఆ నీళ్ళతో బల్ల తుడిచి, సిరాబుడ్డీలో నాలుగు చుక్కలు పోసి కదిపాను. వారానికోసారైనా కదపకపోతే సిరా గడ్డకడుతుంది, మళ్ళీ దొరకదు. తర్వాత ఈ దినచర్య పుస్తకం తెరిచి "అర్జీలు: లేవు" అని రాయబోయాను. పదకొండేళ్ళుగా ప్రతి పనిదినం రాస్తున్న మాట అది. కొండ మీది ఈ ఎగువకోటలో రోజూ కలంతో రాసేది బహుశా నేనొక్కదాన్నే. రాయాలని నిబంధన ఉంది కాబట్టి రాస్తున్నాను.

మొదటి మాట పూర్తికాకముందే గుమ్మంలో ఎవరో దగ్గారు.

"ఇక్కడేనటండి, అర్జీలు పుచ్చుకుంటారు?"

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. "ఇక్కడే. రండి, కూర్చోండి" అన్నాను.

ముప్పై అయిదేళ్ళ మనిషి. పాదాల మీద ఎండిన ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. పేరు మైలపిల్లి నూకరత్నం. ఊరు పాలరేవు. సముద్రం పాత పట్నాలను మింగేశాక కింద తీరంలో మిగిలిన నాలుగైదు రేవుల్లో అదొకటి. ఈమె అక్కడ నాచు పెంచుతుంది. పడవలో ఆరు గంటలు, రోప్‌వేలో గంటన్నర ప్రయాణం చేసి వచ్చింది.

"మా ఊరికి వైద్యం పడవ వస్తాదండి. మంగళవారం, శనివారం. డాక్టరమ్మ, నర్సు, మందుల పెట్టె, అన్నీ అందులోనే. ఈ నెల దాటితే మరి రాదంట. ఎందుకు రాదని పట్టీనడిగినాను." ముంజేతికున్న పట్టీ చూపించింది. "మీ ఊరోళ్ళు ఎల్లిపోతారు గనక, అంది. ఎవులు ఎల్లిపోతారు? అందరూనంట. ఏడాది తిరిగేసరికి ఇరవైమంది మిగుల్తారంట. ఆ ఇరవైమందిలో నానున్నానా అని అడిగితే సెప్పనేదండి."

"వెళ్ళిపోతున్నారా మరి?"

"మమ్మల్ని ఎవులడిగినారండి?"

అంచనా అనే యంత్రం వచ్చాక ఈ ప్రభుత్వం ఎవరినీ ఏదీ అడగడం లేదు. మనం ఏం కొంటున్నామో, ఎక్కడికి వెళ్తున్నామో, ఎలా నిద్రపోతున్నామో పట్టీలన్నీ దానికి చెబుతాయి. మనకేం కావాలో అది ప్రభుత్వానికి చెబుతుంది. కింద కాంటీనులో నేను వెళ్ళేసరికి పళ్ళెంలో ఉప్మా పెట్టి ఉంటుంది. చాలాసార్లు నాకు కావలసింది అదే. కానప్పుడు కూడా తినేస్తాను. అర్జీలు ఆగిపోయింది అందుకే.

నిబంధన నలభై ఒకటి నాకు కంఠతా వచ్చు. ఆమెకు చదివి వినిపించాను. అర్జీ కాగితం మీద ఉండాలి. చివర కోరిక స్పష్టంగా ఉండాలి. మూడు వందలమంది వయోజనులు స్వహస్తాలతో సంతకం చేయాలి. సభ్యుడొకరు దాన్ని ఇరవై ఆరో రోజులోగా సభ ముందుంచాలి. అలా ఉంచిన అర్జీని సభ చదవకుండా తోసిపుచ్చడానికి వీల్లేదు.

"మా ఊళ్ళో పెద్దోళ్ళం మూడొందల నలభైమందిమి. సరిపోతాం. సంతకమంటే ఏలు పెట్టడమేనాండి?"

"కాదు. వేలిముద్ర చెల్లదు. మనకు తెలియకుండానే పట్టీలు దాన్ని తీసుకోగలవు కదా. సంతకమంటే మీ పేరు మీరు రాయడం."

నూకరత్నం తన కుడిచేయి చూసుకుంది. "రాయడం మాకు రాదు గదండి."

"నేర్చుకోవచ్చు."

"ఎన్నాళ్ళు పడతాది?"

"మీ పేరు వరకైతే రెండు మూడు రోజులు."

"అయితే ఇయ్యండి కాగితాలు" అంది.

వంద కాగితాలు, రెండు సిరాబుడ్డీలు, పది కలాలు సంతకం లేకుండానే ఇచ్చాను. ఇచ్చినట్టు ఇక్కడ రాసుకుంటున్నాను. అర్జీలు: ఒకటి రావచ్చు.

సమావేశం అయిదో రోజు

కార్యదర్శి శఠగోపం గారికి విషయం చెప్పాను. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. ఆయన నవ్వగా ఈ భవనంలో ఎవరూ చూడలేదు, ఆయన తప్పు చేయగా కూడా చూడలేదు. నిబంధనల పుస్తకం తెప్పించి, నలభై ఒకటిని రెండుసార్లు చదివి మూశారు.

"రూపం గురించి ఎంతైనా చెప్పండి వైదేహిగారూ. కోరిక గురించి ఒక్క మాట చెప్పకండి. అది వాళ్ళది."

"తెలుసండీ."

"ఇంకోటి కూడా తెలిసుండాలి. ఈ సమావేశంలో ఒక్క అర్జీ కూడా రాకపోతే మీ విభాగం మూసెయ్యమని కిందటిసారి సభ తీర్మానించింది. అర్జీ వస్తే మీ కుర్చీ మిగులుతుంది. ఎవరో ఒకరు ఆ మాట అంటారు."

"అంటే అననివ్వండి. నేను పిలవలేదు, ఆవిడ వచ్చింది."

ధీమాగానే అన్నాను. అబద్ధం కాదు కాబట్టి ధీమా.

సమావేశం తొమ్మిదో రోజు

సంతకాలు స్వహస్తాలతో చేస్తున్నారో లేదో అధికారి ఒకసారైనా వెళ్ళి కళ్ళారా చూడాలని నిబంధన. తెల్లవారి మొదటి రోప్‌వే పట్టుకుని దిగి, నాచు పడవెక్కి మధ్యాహ్నానికి పాలరేవు చేరాను. పదేళ్ళ తర్వాత సముద్రం చూశాను.

ఇళ్ళన్నీ నీళ్ళలో గుంజల మీద ఉన్నాయి. నడుమ పొడుగాటి చెక్కబాట. దాని మీద చాపలు పరుచుకుని వందమంది దాకా బోర్లా పడుకుని రాస్తున్నారు. వాళ్ళ మధ్య కర్ర పట్టుకుని గనగళ్ళ ఎర్రయ్య తిరుగుతున్నాడు. పడవల మీద పేర్లు రాసే మనిషి. ఊరు మొత్తంలో అక్షరాలు చేత్తో రాయగలవాడు ఆయనొక్కడే. ఆయనకు వచ్చింది పడవ రాత. లావు అక్షరాలు, ఒక్కో అక్షరానికి కుడిపక్కన నీడగీత. అదే అందరికీ నేర్పుతున్నాడు.

"వత్తు కింద యేలాడాల గానీ మునిగిపోకూడదు" అని ఒకామెను కసురుతున్నాడు. "నీ పేరు నువ్వే ముంచీసుకుంటావేటి?"

నన్ను చూసి నూకరత్నం లేచి వచ్చింది. తొంభై సంతకాలు అయ్యాయంది. చూశాను. కాగితానికి ఆరేడు మాత్రమే పట్టాయి, ఒక్కొక్కటి అరచేయంత. ఎవరి చేతిది వారిదే, అందులో అనుమానం లేదు. కింద కోరిక ఇలా ఉంది: మేమెవరమూ ఊరు వదలం, వైద్యం పడవ ఆపవద్దు.

పోలమ్మ అనే అమ్మాయి గోడకానుకుని, నిండు పొట్ట మీదే కాగితం పెట్టుకుని రాస్తోంది. ఎనిమిదో నెల. వైద్యం పడవ ఆగిపోయాకే ఆమెకు నెలలు నిండుతాయి. ఆ సంగతి అక్కడ ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. దారిన పోయేవాళ్ళందరూ ఆమె పక్కనుంచి మాత్రం కాస్త మెల్లిగా నడుస్తున్నారు.

ఒక్క మనిషి కలం పట్టుకోలేదు. సూరాడ చిన్నారావు అట, వల బాగుచేసుకుంటూ దూరంగా కూర్చున్నాడు. నూకరత్నం వెళ్ళి అడిగింది. నేనూ వెనకే ఉన్నాను.

"నాను సెయ్యను అప్పా. నాను ఎల్లిపోతాను. మా అత్తోరింటికాడ పైన ఇల్లు సూసుకున్నాను. ఊరొదలనని ఎలగ రాసేది? అబద్దం గదా."

"నువ్వొక్కడివే గదరా."

"నానొక్కణ్ణేటి? అడిగితే ఇంకా ఉంటారు. అడిగి సూడు."

నూకరత్నం చెక్కబాట చివరిదాకా నడిచి వెళ్ళి, కాళ్ళు నీళ్ళ మీదకు వేలాడేసి కూర్చుంది. అరగంట తర్వాత తిరిగొచ్చి నన్నడిగింది.

"ఆడు సెప్పింది నిజమేనండి. మేమూ ఎవుల్నీ అడక్కుండానే అందరి తరపునా రాసీసినాం. కోరిక మార్చమంటారా?"

"కోరిక గురించి నేను మాట్లాడకూడదు."

"మారిస్తే ఈ తొంభై?"

"చెల్లవు. మళ్ళీ మొదటినుంచి."

ఎర్రయ్య నెత్తి కొట్టుకున్నాడు. తొంభైమంది చేతులూ సిరాతో నల్లగా ఉన్నాయి. నూకరత్నం అందర్నీ పిలిచింది. గంటసేపు వాదించుకున్నారు, ఇద్దరు అలిగి ఇళ్ళలోకి వెళ్ళి మళ్ళీ వచ్చారు. చివరికి కొత్త కోరిక ఇది: మా ఊరు ఉంటుందో పోతుందో తేల్చేముందు మమ్మల్ని అడగండి. అడిగి వినేదాకా వైద్యం పడవ ఆపవద్దు.

చిన్నారావు వల పక్కన పెట్టి వచ్చి, అందరికన్నా ముందు సంతకం చేశాడు.

సమావేశం పద్నాలుగో రోజు

పాలరేవు నుంచి కబురొచ్చింది. రెండు వందల నలభై ఒక్క సంతకాలు పూర్తయ్యాయి. దాని వెంటే ఇంకో కబురు. వైద్యం పడవకు ఈ శనివారమే ఆఖరట.

నమ్మలేక నేనే సేవల శాఖలో విచారించాను. అక్కడి యువకుడు తెర నా వైపు తిప్పి చూపించాడు. పాలరేవులో రెండు వందలమందికి పైగా హఠాత్తుగా రాయడం నేర్చుకుంటున్నారని అంచనా గమనించింది. తీరంలో చేతిరాతతో పనిలేదు. కాబట్టి ఇది పైన కొలువులకు వెళ్ళే సన్నాహం. ఊరు ఖాళీ అయ్యే అవకాశం తొంభై నాలుగు శాతానికి పెరిగింది. పడవను ముందుగానే మళ్ళించాలి.

"వాళ్ళు రాయడం నేర్చుకుంటున్నది మమ్మల్ని అడగండి అని చెప్పడానికండీ" అన్నాను.

అతను నా మొహం చూసి, తెర చూసి, "అలాంటి కారణం ఇందులో లేదండీ" అన్నాడు. పాపం, అబద్ధం చెప్పలేదు.

ఆ తర్వాత నేను నడుస్తూ విభాగానికి వచ్చేశాను. కోపం వచ్చిందని రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు. అయినా రాస్తున్నాను.

సమావేశం పదిహేడో రోజు

నూకరత్నం వచ్చింది. మూడు వందల పన్నెండు సంతకాలు. ఒక్కొక్కటీ ఆ ఊరి వయోజనుల జాబితాతో సరిచూశాను. సాయంత్రం నాలుగయింది. ఒక్కటి కూడా కొట్టేయవలసి రాలేదు.

ఇక సభలో దాన్ని ప్రవేశపెట్టే సభ్యుడు కావాలి. ఆ ఊరి సభ్యుడు జామి తవిటినాయుడు గారు పాలకపక్షం మనిషి. నూకరత్నాన్ని ఆయన గదికి తీసుకువెళ్ళి పరిచయం చేసి గుమ్మం దగ్గర నిలబడ్డాను. దారి చూపించడం రూపం కిందికే వస్తుంది.

ఆయన అర్జీ తిరగేశారు. నీడగీతల అక్షరాలను వేలితో తడిమారు. "మా తాత పడవ మీద ఇలాంటి రాతే ఉండేదమ్మా" అన్నారు. తర్వాత కాగితాలు బల్ల మీద పెట్టేశారు. "కానీ నేను ప్రభుత్వ పక్షం. మా మంత్రిగారి మీదే అర్జీ పెట్టమంటే ఎలా?"

"మంత్రిగారి మీద గాదండి. మంత్రిగారికి."

"ఏదైనా ఒకటే కదమ్మా. పైగా వచ్చే ఎన్నికలకు నా నియోజకవర్గమే ఉండదట. పాలరేవు ఖాళీ అయితే పక్కదాంట్లో కలిపేస్తారు. నన్ను పైన ఎక్కడో నిలబెడతామన్నారు."

"అయితే మిమ్మల్నీ అడగనేదా బాబూ?"

నూకరత్నం ఇంకో అడుగు ముందుకు వేసింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ ప్రభుత్వం అడక్కుండానే పెడతానంది. సంతోషించినాం. అడక్కుండానే తీసేస్తాదని మాత్రం ఎవులూ సెప్పనేదు బాబూ. ఓట్లకి మీరొచ్చినారు గదా, మా బాట మీద నిలబడి, ఓటెయ్యండని సేతులు జోడించి అడిగినారు. అంచనా సెప్పీసింది గదా, నాను గెలిసిపోతాను, మరెందుకు అడగడమని ఇంటికాడ కూకున్నారా?"

తవిటినాయుడు గారు బల్ల మీది కాగితాలు మళ్ళీ దగ్గరకు లాక్కున్నారు. తర్వాత నా దగ్గర కలం అడిగి తీసుకున్నారు. ఆయనకూ చేతిరాత పోయి ఇరవై ఏళ్ళయింది. తన పేరు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది, నాయుడు గారి 'డు' కొమ్ము లేకుండా వచ్చింది. నేను చెప్పాక దిద్దారు.

సమావేశం పంతొమ్మిదో రోజు

శఠగోపం గారు చెప్పిందే జరిగింది. అర్జీ మీద అభ్యంతరం వచ్చింది. సేవల మంత్రి కామేశ్వరి గారే స్వయంగా రాశారు. విభాగం మూతపడకుండా కాపాడుకోవడానికి అధికారే ఈ అర్జీని పుట్టించి ఉండవచ్చు, సంతకాలను సరిచూసింది కూడా ఆమే, కాబట్టి తిరస్కరించాలి.

మంత్రి గారి స్థానంలో ఉంటే నాకూ ఆ అనుమానం వచ్చేది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"నా మీద విచారణ వేయండి" అన్నాను శఠగోపం గారితో.

"వేస్తే పదిరోజులు పడుతుంది. ఇరవై ఆరో రోజు దాటిపోతుంది."

"దాటకుండా ఉండాలంటే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిబంధనలో ఒక దారి ఉంది. అది నా అంతట నేను మీకు చెప్పేవాణ్ణి కాదు. అడిగారు కాబట్టి చెప్తాను."

"నాకు తెలుసండీ. ఈ విభాగంతో సంబంధం లేని అధికారి మళ్ళీ సరిచూడాలి. విభాగంలో నేను ఉండకూడదు. తిరిగి వస్తాననే హక్కూ పెట్టుకోకూడదు."

అక్కడే నిలబడి బదిలీకి దరఖాస్తు రాశాను. పాత దస్తావేజుల గదికి. మూడు వాక్యాలు. పదకొండేళ్ళు ఖాళీ బల్లను కాపలా కాసి, దాని ముందుకు ఒక మనిషి వచ్చిన నెలలోనే లేచి వెళ్ళిపోవడం ఏమిటని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ బల్ల ఉన్నది నాకోసం కాదు. ఆ సంగతి నాకు రాస్తున్నప్పుడు బాగా స్పష్టంగా ఉంది.

"మరి మళ్ళీ సరిచూసేది ఎవరండీ?"

"నేనే వెళ్తాను" అన్నారు శఠగోపం గారు. "పడవ పడదు నాకు. ఏం చేస్తాం."

విభాగం పుస్తకం ఆయనకు అప్పగించాను. ఇకమీద రాసేది నా సొంత పుస్తకంలో.

సమావేశం ఇరవై మూడో రోజు

దస్తావేజుల గదిలో ఎప్పుడూ చలి. కాగితాలకు అదే మంచిది. పొద్దున ఆరు పెట్టెలు దులిపాను.

మధ్యాహ్నం శఠగోపం గారు నేరుగా ఇక్కడికే వచ్చారు. మొహం పాలిపోయి ఉంది, చెప్పులకు ఉప్పు. చీట్లు వేసి ముప్పైమందిని ఎంచి, తన ఎదుటే మళ్ళీ సంతకం చేయించారట. ముప్పైకి ముప్పై సరిపోయాయి. ఎవరైనా చెప్పి చేయించారా అని ఒక్కొక్కరినీ అడిగారట. "ఎర్రయ్య వత్తు సరిగా పెట్టమని చెప్పాడు, అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదన్నారు. అర్జీ చెల్లుతుంది."

"మంచిదండీ."

ఆయన వెళ్ళలేదు. అల్మరా పట్టుకుని నిలబడ్డారు. "నేను తిరిగి వచ్చింది చేపల పడవలో. అందులో ఒక గర్భిణి ఉంది. పోలమ్మ. ముందుగానే నొప్పులొచ్చాయి. వైద్యం పడవ లేదు కదా. దారిలోనే కాన్పయింది. నూకరత్నం పట్టుకుంది. నేను... నేను తెరచాప అడ్డం పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను వైదేహిగారూ. అంతకన్నా నాకేం చేతనవును?"

"తల్లీ బిడ్డా?"

"బాగున్నారు. ఆడపిల్ల. చాలా రక్తం పోయింది తల్లికి. రోప్‌వే దగ్గర ఆస్పత్రి వాళ్ళు అందుకున్నారు. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు." ఆయన వంగి చెప్పుల మీది ఉప్పు దులుపుకున్నారు. "అంచనా నూటికి తొంభై ఆరు సార్లు నిజమవుతుందని నేనూ నమ్మేవాణ్ణి. ఆ మిగిలిన నాలుగూ ఎవరో ఎప్పుడూ చూడలేదు."

నా ఫ్లాస్కులో టీ ఉంది. పోసి ఇచ్చాను.

సమావేశం ఇరవై ఆరో రోజు

విభాగంలో లేను కాబట్టి సందర్శకుల గ్యాలరీలో కూర్చునే హక్కు నాకుంది. నూకరత్నం పక్కన కూర్చున్నాను. ఆమె కాళ్ళు కడుక్కుని కొత్త చీర కట్టుకుని వచ్చింది. చేతివేళ్ళకు సిరా మాత్రం పోలేదు.

సభాపతి పిలవగానే తవిటినాయుడు గారు లేచి అర్జీ చదివారు. చిన్నదే, మూడు నిమిషాలు. పదకొండేళ్ళకు పైగా సభలో అర్జీ వినపడలేదు కనుక సభ్యుల్లో సగంమంది అదేమిటో అన్నట్టు తలలెత్తి విన్నారు. సంతకాల కాగితాలు ఒకరి నుంచి ఒకరికి వెళ్తున్నాయి. ప్రతిపక్షం వరసలో ఒక పెద్దావిడ తన వేలితో గాల్లో ఒక అక్షరం గీసి చూసుకుంది.

మంత్రి కామేశ్వరి గారు జవాబు చెప్పారు. ఆమె మంచి వక్త. అంచనా వచ్చాక తీరంలో ఎంతమంది ప్రాణాలు నిలిచాయో చెప్పారు. అది నిజం. ఉన్న పడవలు కొన్నే, ఖాళీ అయ్యే ఊళ్ళకు పంపితే నిండే ఊళ్ళకు అన్యాయమన్నారు. అదీ నిజమే. పాలరేవు నుంచి ఇప్పటికే నలుగురు వెళ్ళిపోయారని, అంచనా సరైన దారిలోనే ఉందనీ ముగించారు.

తవిటినాయుడు గారు మళ్ళీ లేచారు. "అధ్యక్షా, ఆ నలుగురి పేర్లు నా దగ్గరున్నాయి. బాలింత పోలమ్మ, ఆమె భర్త, ఆమె తల్లి. ముగ్గురూ ఆస్పత్రిలో ఉన్నారు. నాలుగో మనిషి వయసు మూడు రోజులు. పడవలో పుట్టి, పైన నమోదైంది. పాలరేవులో ఒక్క పూట కూడా ఉండని పిల్ల పాలరేవు వదిలి వెళ్ళిపోయిందని లెక్క రాశాం మనం. పడవ ఆపాం కాబట్టి జనం పైకి వస్తే, అది అంచనా నిజమవడమా, మనం నిజం చేయడమా?"

ఆ నలుగురి పేర్లున్న కాగితం సభాపతికి పంపించి కూర్చున్నారు.

ప్రతిపక్షం నుంచి ఆ పెద్దావిడ లేచి ఒకే ప్రశ్న వేసింది. "పాలరేవులో ఎవరినైనా అడిగారా, మంత్రిగారూ?"

కామేశ్వరి గారు కాగితాలు చూసుకున్నారు. తర్వాత వాటిని మూసేశారు. "లేదు" అన్నారు. "అడగాల్సిన అవసరం ఉందని మాకు అనిపించలేదు."

ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంత కష్టమైందో గ్యాలరీ దాకా తెలిసింది. నూకరత్నం నా చెవి దగ్గరకు వంగి, "నిజం సెప్పింది సూడండి. మంచి మనిసే" అంది.

అర్జీని పరిశీలనకు పంపాలని తీర్మానం పెట్టారు. అనుకూలం నలభై తొమ్మిది, వ్యతిరేకం ముప్పై ఎనిమిది. పాలకపక్షం నుంచి పదకొండుమంది అటు చేతులెత్తారు. అర్జీల సంఘం రద్దయి తొమ్మిదేళ్ళు కావడంతో అప్పటికప్పుడు ఏడుగురితో కొత్తది వేశారు. వాళ్ళు వెళ్ళి విని వచ్చేదాకా వైద్యం పడవ నడవాలని సభాపతి ఆదేశించారు.

నూకరత్నం ఏడవలేదు, నవ్వలేదు. "శనివారానికి డాక్టరమ్మ వస్తాదన్నమాట" అని లెక్క చూసుకుని, మూడు గంటల రోప్‌వేకు టైమవుతోందని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సమావేశం ముప్పయ్యో రోజు

ఆఖరి రోజు. సంఘం నివేదిక దస్తావేజుల గదికి పొద్దున్నే వచ్చింది. భద్రపరిచేముందు చదివాను.

ఏడుగురు సభ్యులు పాలరేవు చెక్కబాట మీద రెండు రోజులు కూర్చుని అందరినీ పేరుపేరునా అడిగారు. చిన్నారావు అప్పటికే పైకి వెళ్ళిపోయాడు. మిగిలిన మూడు వందల ముప్పై తొమ్మిదిమందిలో నలభై ఎనిమిదిమంది వెళ్తామన్నారు. ముప్పై ఒకరు ఇంకా తేల్చుకోలేదన్నారు. రెండు వందల అరవైమంది ఉంటామన్నారు. పోలమ్మ ఉంటానందట, ఆస్పత్రి మంచం మీద నుంచి. నూకరత్నం పేరు ఎదురుగా ఒక్క మాటే రాసి ఉంది: ఉంటాను.

శనివారం పడవ రెండేళ్ళకు ఖాయమైంది. మంగళవారం పడవ పోయింది. దాన్ని ఇంకో రేవుకు పంపక తప్పదన్నారు, ఆ రేవు వాళ్ళను అడిగాక. ఇకమీద ఏ సేవనైనా తీసేసేముందు ఆ ఊరిని నోటితో అడిగి తీరాలని సభ నిబంధన చేసింది. కామేశ్వరి గారే దాన్ని ప్రతిపాదించారు.

నివేదికకు నంబరు వేసి, సంతకాల కాగితాలను దాంతోపాటు పెట్టెలో పెట్టాను. పెద్ద పెట్టె కావలసి వచ్చింది.

పదకొండున్నరకు శఠగోపం గారు వచ్చారు. అర్జీల విభాగం మూతపడలేదు, కానీ అక్కడ అధికారి లేరు. నిన్న ముగ్గురు వచ్చి వెళ్ళారట. ఇవాళ ఇద్దరు వరండాలో కూర్చుని ఉన్నారట. ఇద్దరూ కొండ మీది వాళ్ళే.

"మీకు హక్కు లేదు. అది వదులుకుంటూ రాసిచ్చారు" అన్నారు. "కానీ ఖాళీ పోస్టులోకి ఎవరిని పిలవాలో నా ఇష్టం. మీరు ఇక్కడే స్థిరపడతారని, రారని అంచనా పొద్దున పంపింది. దాన్ని పక్కన పెట్టాను. వస్తారా వైదేహిగారూ?"

ఎవరైనా నన్ను ఏదైనా ఇలా అడిగి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. జవాబు నాలుక మీదే ఉంది. అయినా వెంటనే ఇవ్వాలనిపించలేదు.

"కాస్త ఆలోచించుకుని చెప్పనా?"

"చెప్పండి" అంటూ ఆయన అల్మరాల మధ్య స్టూలు లాక్కుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎదురుచూస్తూ కూర్చున్నారు.